ఫ్లూతో పోయిన సిపాయిది యుద్ధ మరణమేనా?

చెన్నైలో గిండీ దాటి పోరూరు వైపు వెళ్తుంటే, మౌంట్-పూనమల్లి రోడ్డు మీద నందంబాక్కం దగ్గర పచ్చిక పొందికగా కత్తిరించిన ఒక ఆవరణ కనిపిస్తుంది. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి పోరూరు వచ్చే తెలుగువాళ్ళు ఎంతోమంది ఆ గేటు ముందు నుంచే వెళ్తుంటారు. అది మద్రాస్ వార్ సిమెట్రీ. 1952లో ఏర్పాటు చేశారు. అందులో ఉన్న 856 సమాధులు రెండో ప్రపంచయుద్ధం నాటివి. వెనక భాగంలో మాత్రం మొదటి యుద్ధం నాటి మృతులకు వేరే స్మారకం ఉంది. దాని మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి. ఆ పేర్లవాళ్ళ సమాధులు అక్కడ లేవు. దేశంలో ఎక్కడెక్కడి ఊళ్ళలోనో, కంటోన్మెంట్ల శ్మశానాల్లోనో ఉన్నాయి. వాటన్నిటినీ కలకాలం చూసుకోవడం కుదరదని పేర్లను మాత్రం ఒక్క చోటికి చేర్చారు.

ఆ పేర్లు చదువుతుంటే ఎవరికైనా ఒక అనుమానం రావాలి. మొదటి ప్రపంచయుద్ధం దక్షిణాదిన ఎక్కడ జరిగింది? 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ చెన్నపట్నం మీద కాసేపు గుళ్ళు కురిపించి, చమురు ట్యాంకులు తగలబెట్టి వెళ్ళిపోయింది. ఆ దాడిలో పోయినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. అయినా దాని గుర్తుగా హైకోర్టు ప్రహరీ దగ్గర ఫలకం ఉంది, ఊళ్ళో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. ఆ తర్వాత నాలుగేళ్ళూ ఇక్కడ శత్రువు ఫిరంగి మోగలేదు. మరి వెయ్యిమంది సైనికులు ఎలా పోయారు?

జబ్బులతో. మలేరియా, టైఫాయిడ్, కలరా, జిగట విరేచనాలు, వడదెబ్బ. 1918 చివర్లో వీటన్నిటినీ వెనక్కి నెట్టి ఇన్‌ఫ్లూయెంజా. స్మారకం మీద పటాలం, హోదా, పేరు ఉంటాయి గానీ చావుకి కారణం ఉండదు. కారణం తెలిసినవాళ్ళు సాధారణంగా అనే మాట ఇది: "అయితే వీళ్ళు యుద్ధంలో పోలేదన్నమాట, జ్వరమొచ్చి పోయారు." ఆ మాటలో రెండో సగం నిజం. మొదటి సగం దగ్గరే గొడవంతా ఉంది.

ముందు కాగితం సంగతి చూద్దాం, అది తేలిక. యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ నియమం ప్రకారం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు సర్వీసులో ఉండగా ఏ కారణంతో చనిపోయినా యుద్ధ మృతుడే. గుండు తగిలినా, రైలు కింద పడినా, ఫ్లూ వచ్చినా ఒకటే. కాల్పులు 1918 నవంబరు 11న ఆగిపోతే 1921 దాకా ఎందుకంటే, బ్రిటన్ చట్టం లెక్కలో యుద్ధం ముగిసిన రోజు అది. అయితే సర్వీసు నుంచి విడుదలై ఇంటికి చేరాక పోతే లెక్క మారిపోతుంది. ఆ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. ఒకే బ్యారక్‌లో ఒకే దగ్గు అంటించుకున్న ఇద్దరిలో ఒకడు విడుదల కాగితం చేతికి రాకముందు పోయాడు, ఇంకొకడు వారం తర్వాత ఊళ్ళో పోయాడు. మొదటివాడు యుద్ధ మృతుడు. రెండోవాడి కోసం ఎవరైనా రుజువులు పట్టుకుని తిరగాలి.

ఇది పాత ముచ్చట అనుకోవద్దు. ఇప్పటి మన సైన్యంలోనూ కుటుంబ పింఛను దగ్గర అడిగేది ఇదే: జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, లేక ఆ మనిషికి ఎలాగూ రావలసిందేనా. మొన్నటి కోవిడ్ రోజుల్లో "కోవిడ్‌తో పోయాడా, కోవిడ్ ఉండగా పోయాడా" అని ఇంటింటా వినిపించిన వాదన కూడా దీని చుట్టమే.

యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం చనిపోయిన ప్రతి సైనికుడి కుటుంబానికీ అరచేతి కంటే కాస్త పెద్దదైన ఒక కంచు ఫలకం పంపింది. దాని మీద హోదా ఉండదు, పేరు మాత్రమే పోత పోసి ఉంటుంది. చుట్టూ "స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ప్రాణమిచ్చాడు" అనే అర్థం వచ్చే వాక్యం. ఫ్లూతో పోయినవాడి తల్లికీ అదే ఫలకం, అదే వాక్యం. బ్యారక్‌లో దుప్పటి కింద వణుకుతూ పోయిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఏ స్వేచ్ఛ కోసం పోయాడని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదైంది, ఆ తల్లికి.

జబ్బుని మోసుకొచ్చింది ఎవరు?

ఇక అసలు ప్రశ్న. కాగితం సంగతి పక్కన పెట్టి చూసినా ఆ చావుకి యుద్ధంతో సంబంధం ఉందా? ఉంది, గట్టిగానే ఉంది.

1918 మార్చిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో క్యాంప్ ఫన్‌స్టన్ అనే శిక్షణ శిబిరంలో కుప్పలుతెప్పలుగా జ్వరాలు వచ్చాయి. జబ్బు పుట్టింది అక్కడేనా అన్నదాని మీద పండితులు ఇంకా తగువు పడుతూనే ఉన్నారు. అక్కడి నుంచి ఓడలెక్కి ఐరోపా వెళ్ళిన సైనికుల వెంట జబ్బు కూడా వెళ్ళిందన్న దాంట్లో మాత్రం పెద్దగా తగువు లేదు. యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికల మీద సెన్సారు పెట్టాయి. స్పెయిన్ తటస్థ దేశం కాబట్టి అక్కడి పత్రికలు రాజుగారికి జ్వరమొచ్చిన సంగతితో సహా అన్నీ రాశాయి. దాంతో పేరు వాళ్ళకి అంటుకుంది, స్పానిష్ ఫ్లూ అని.

మన దేశంలోకి అది బొంబాయి రేవు గుండా వచ్చింది. 1918 జూన్‌లో రేవు దగ్గర కాపలా ఉండే పోలీసులు కొందరు జ్వరంతో ఆసుపత్రిలో చేరడం మొదటి గుర్తు. అప్పట్లో బొంబాయి అంటే మెసపొటేమియాకి (ఇప్పటి ఇరాక్) సిపాయిలను పంపే, అక్కడి నుంచి గాయపడినవాళ్ళను దించే పెద్ద రేవు. ఆ మొదటి అల తేలిగ్గానే పోయింది. సెప్టెంబరులో వచ్చిన రెండో అల ప్రాణాలు తీసింది. రైలు మార్గాల వెంటే లోపలికి పాకింది. చెన్నపట్నంలో అక్టోబరులో ఉధృతంగా ఉంది. మద్రాస్ ప్రెసిడెన్సీలో మరణాల రేటు బొంబాయి, మధ్య పరగణాల కంటే తక్కువే. అయినా మిగతా ఏ సంవత్సరంతోనూ పోల్చలేనంత.

ఇక్కడ పాల్ ఎవాల్డ్ అనే జీవశాస్త్రవేత్త వాదన ఒకటి చెప్పాలి. మామూలు రోజుల్లో జ్వరం బాగా ఎక్కువైనవాడు ఇంట్లో పడుకుంటాడు, కొద్దిగా ఉన్నవాడు సంతకీ పనికీ తిరుగుతాడు. కాబట్టి ఊరంతా పాకేది తేలికపాటి రకం. యుద్ధంలో ఇది తలకిందులైంది. కాస్త ఒళ్ళు వెచ్చబడ్డవాడు కందకంలోనే ఉండిపోయాడు. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి మాత్రం స్ట్రెచర్ మీద, రైల్లో, ఓడలో, కిక్కిరిసిన ఆసుపత్రికి తరలించారు. దారి పొడవునా వాడు ఎంతమందికో అంటించాడు. ప్రాణాలు తీసే రకానికే ప్రయాణ సౌకర్యం దొరికిందన్నమాట. ఈ వాదనని అందరూ ఒప్పుకోరు. బ్యారక్‌లు, ఓడలు, ఆసుపత్రి రైళ్ళు లేకపోతే జబ్బు ఇంత వేగంగా పాకేది కాదన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే.

అమెరికా లెక్క ఒకటి చాలు. ఆ యుద్ధంలో పోరాడుతూ చనిపోయిన అమెరికన్ సైనికులు సుమారు 53,000 మంది. ఫ్లూతో, దాని వెంట వచ్చిన న్యుమోనియాతో పోయినవాళ్ళు దాదాపు 45,000 మంది. మిగతా జబ్బులు కూడా కలిపితే రోగంతో పోయినవాళ్ళే ఎక్కువ.

కండలున్నవాడే ఎందుకు పోయాడు?

మామూలు ఫ్లూ పసిపిల్లల్ని, ముసలివాళ్ళని పట్టుకుంటుంది. మరణాలను వయసు వారీగా గీస్తే గీత రెండు చివర్లా లేచి, మధ్యలో అడుగున ఉంటుంది. 1918లో మధ్యలో కూడా ఒక శిఖరం లేచింది: ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య. అమెరికా, కెనడా లెక్కల్లో ఆ శిఖరం కొస దాదాపు 28 ఏళ్ళ దగ్గర ఉంది. సరిగ్గా సైన్యం ఏరి ఏరి తీసుకునే వయసు.

దీనికి జనంలో బాగా పాకిన సమాధానం ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఎదురు తిరిగిందని. కుర్రవాళ్ళలో ఆ వ్యవస్థ బలంగా ఉంటుంది, వైరస్‌ని చూసి అతిగా రెచ్చిపోయి ఊపిరితిత్తులనే పాడు చేసింది అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. అదొక్కటే కారణమైతే పద్దెనిమిదేళ్ళవాడు ఇరవై ఎనిమిదేళ్ళవాడి కంటే ఎక్కువగా పోవాలి కదా? అలా జరగలేదు. అందుకే ఇంకో వివరణ వచ్చింది. 1918లో 28 ఏళ్ళవాడంటే 1890 ప్రాంతంలో పుట్టినవాడు. 1889-90లో ప్రపంచమంతా ఒక ఫ్లూ మహమ్మారి తిరిగింది. పసితనంలో ఒంటికి పరిచయమైన మొదటి ఫ్లూ ఏదైతే, జీవితాంతం ఒళ్ళు దాన్నే గుర్తు పెట్టుకుని దానికి తగ్గట్టే పోరాడుతుంది. 1918 వైరస్ పూర్తిగా వేరే రకం. చిన్నప్పుడు నేర్చిన పాఠం ఇక్కడ పనికిరాకపోగా అడ్డం పడింది. నాకు ఈ వివరణే ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తుంది, ఎందుకంటే వయసుకీ చావుకీ ఉన్న లంకెని ఇంత సూటిగా చెప్పేది ఇంకోటి లేదు.

సైనికుల విషయంలో మరో సంగతి కూడా ఉంది. సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళు పాతవాళ్ళ కంటే ఎక్కువగా పోయారు. పల్లె నుంచి వచ్చినవాడు అప్పటిదాకా చూడని సూక్ష్మజీవులన్నిటినీ బ్యారక్‌లో మొదటి నెలల్లోనే ఎదుర్కోవాలి. ఏడాది రెండేళ్ళు ఆ గుంపులో బతికినవాడికి దగ్గులూ పడిశాలూ అలవాటైపోయి ఉంటాయి. ఇదెందుకు ముఖ్యమంటే, చాలామందిని చంపింది నేరుగా వైరస్ కాదు. వైరస్ ఊపిరితిత్తుల లోపలి పొరని చీల్చాక అక్కడ బ్యాక్టీరియా చేరి న్యుమోనియా తెచ్చింది. పెన్సిలిన్ కనిపెట్టింది 1928లో, జనానికి అందింది 1940లలో. 1918లో డాక్టరు చేతిలో ఉన్నవి ఆస్పిరిన్, క్వినైన్, మంచి మాట. అందులో ఆస్పిరిన్‌ని అప్పట్లో ఇచ్చిన మోతాదులు ఇప్పటి డాక్టరు వింటే ఉలిక్కిపడేంత ఎక్కువ.

జబ్బు పేరు తెలుసు గానీ జబ్బు చేసేది ఏదో అప్పుడు ఎవరికీ తెలియదు. ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించిన ఒక బ్యాక్టీరియానే కారణం అనుకున్నారు. మనుషుల ఫ్లూ వైరస్‌ని 1933లో గానీ పట్టుకోలేదు.

ఆ ముడి విప్పడంలో ఒక కుర్ర సైనికుడి వంతు ఉంది. అమెరికాలోని సౌత్ కరోలినాలో క్యాంప్ జాక్సన్ అనే శిబిరంలో 21 ఏళ్ళ సైనికుడు 1918 సెప్టెంబరు 19న ఒంట్లో బాగాలేదని ఆసుపత్రికి వెళ్ళాడు. 26న చనిపోయాడు. శవపరీక్షలో తీసిన ఊపిరితిత్తి ముక్కని మైనంలో పెట్టి సైన్యం ప్రయోగశాలలో దాచారు. దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం దాన్ని బయటికి తీసింది. ఎడమ ఊపిరితిత్తి బ్యాక్టీరియా న్యుమోనియాతో పూర్తిగా పాడైపోయి ఉంది. కుడివైపు మాత్రం జబ్బు ఇంకా తొలిదశలోనే ఉంది. ఆ కుడివైపు ముక్కలోనే వైరస్ జన్యువుల తునకలు దొరికాయి. 1997లో ఆ సంగతి ప్రకటించారు. న్యూయార్క్ దగ్గర శిబిరంలో పోయిన ఇంకో సైనికుడి నమూనా, అలాస్కా మంచు నేలలో పాతిన ఒక స్త్రీ ఊపిరితిత్తులు కూడా కలిపి, 2005 నాటికి వైరస్ జన్యుక్రమం మొత్తం చదివేశారు. అది హెచ్1ఎన్1 రకం. అంటే 1918లో ఒక శిబిరంలో వారం రోజుల జ్వరంతో పోయి, ఒక్క తూటా కూడా శత్రువు మీద పేల్చని ఆ కుర్రవాడి ఒంట్లోంచే మనకి ఈ వైరస్ గురించి తెలిసింది.

రాతికెక్కిన పేర్లు, ఎక్కని పేర్లు

ఊహకి ఇద్దరు కుర్రవాళ్ళను తీసుకుందాం. ఇద్దరికీ ఇరవై రెండేళ్ళు. ఒకడు ఇంగ్లండులోని సోమర్‌సెట్ నుంచి వచ్చిన టెరిటోరియల్ సైనికుడు, అంటే మామూలు రోజుల్లో వేరే పని చేసుకుంటూ అవసరమైతే సైన్యంలోకి వచ్చేవాడు. పాత బ్రిటిష్ పటాలాలు ఐరోపా యుద్ధానికి వెళ్ళిపోతే వాటి స్థానంలో ఇక్కడ కాపలాకి పంపిన బాపతు. ఇంకొకడు గోదావరి వైపు పల్లెటూరి నుంచి బెంగళూరు వెళ్ళి వంతెనలు, దారులు వేసే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ దళంలో చేరి, మెసపొటేమియాలో వంతెనలు కట్టినవాడు. 1918 అక్టోబరులో ఇద్దరికీ ఒకే జ్వరం.

ఇంగ్లీషు కుర్రవాడు సెయింట్ థామస్ మౌంట్‌లోనో, సికింద్రాబాదులోనో, బళ్ళారిలోనో పోతాడు. అతని సమాధి ఎక్కడున్నా పేరు నిలవడానికి నందంబాక్కం లాంటి చోటు ఉంది. అక్కడి స్మారకం మీద కనిపించేవి చాలావరకు బ్రిటిష్ పటాలాల పేర్లే.

తెలుగు కుర్రవాడు మెసపొటేమియాలోనే పోతే అతని లెక్క బస్రా స్మారకానిది. లెక్క అని ఊరికే అనలేదు. ఆ స్మారకం మీద భారత సైన్యంలోని అధికారుల పేర్లు చెక్కారు, మామూలు సిపాయిలను మాత్రం పటాలం వారీగా సంఖ్యలుగా చూపించారు. కమిషన్ పుట్టినప్పుడు చెప్పుకున్న సూత్రం హోదా, జాతి, మతం తేడా లేకుండా అందరికీ ఒకే గౌరవం అని. 2021లో కమిషన్ స్వయంగా వేసిన కమిటీ తేల్చింది వేరు. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తింపు దక్కలేదని, కొందరికి అసలు ఏ గుర్తింపూ దక్కలేదని. వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళు. పేర్లు ఉన్నా తక్కువ రకంగా గుర్తించిన మరో 45,000 నుంచి 54,000 మందిలో భారతీయులు చాలామంది.

అదే కుర్రవాడు విడుదలై ఊరికి వచ్చి పోతే? అప్పుడు అతను సైన్యం రిజిస్టరులోంచి జారి, గ్రామ మునసబో కరణమో రాసే జనన మరణాల పుస్తకంలోకి వస్తాడు. ఆ పుస్తకంలో కలరా, మశూచి, ప్లేగు లాంటి కొన్నిటికి గడులున్నాయి. మిగతావి చాలావరకు "జ్వరం" అనే పెద్ద గడిలో పడతాయి. ఫ్లూ చావుల్లో అధిక భాగం అక్కడే కలిసిపోయాయి. అందుకే దేశం మొత్తం మీద ఎంతమంది పోయారన్నది ఎవరూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టి చెప్పింది కాదు. మామూలు ఏడాది కంటే ఎన్ని చావులు ఎక్కువయ్యాయో చూసి కట్టిన అంచనా. మొదట్లో అరవై లక్షలన్నారు. తర్వాతి పరిశోధకులు 1.2 కోట్ల నుంచి 2 కోట్ల దాకా చెప్పారు. 1911కీ 1921కీ మధ్య దేశ జనాభా తగ్గిందంటే ఊహించుకోవచ్చు. మన జనగణన చరిత్రలో అలా జరిగిన దశాబ్దం అదొక్కటే. పైగా 1918లో వానలు మొహం చాటేశాయి, గింజల ధరలు మండిపోయాయి, యుద్ధం ధాన్యాన్ని మింగేసింది. సైనికుడికైనా మంచం, గంజి, కాగితం మీద ఒక గీత దొరికాయి. అతనికి ఊళ్ళో సేవ చేసి అదే జ్వరంతో పోయిన భార్యకో అక్కకో అదీ లేదు. మన దేశంలో ఆ వయసు ఆడవాళ్ళలో మరణాలు మగవాళ్ళకంటే ఎక్కువ. యుద్ధం తెచ్చిన జబ్బుతో పోయిన ఆ ఆడవాళ్ళను ఏ నియమమూ యుద్ధ మృతులు అనదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇదే. నందంబాక్కంలో పేరున్నవాళ్ళు నిజంగా యుద్ధంలో పోయారా అన్న వాదన దీని ముందు చాలా చిన్నది.

ఊళ్ళకి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కూడా సంఖ్యే. యుద్ధం తర్వాత దేశంలో చాలా గ్రామాల్లో చిన్న రాతి ఫలకాలు పెట్టారు. "ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలు అర్పించారు" అని ఉంటుంది, అంతే. మద్రాస్ ప్రెసిడెన్సీ ఊళ్ళలోనూ అవి ఉన్నాయి. ఆ "ఇంతమంది"లో ఎంతమంది తూటాకి పోయారో, ఎంతమంది జ్వరానికి పోయారో రాయలేదు.

మరి మన ముత్తాతో, వాళ్ళ తమ్ముడో మిలట్రీకి వెళ్ళి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు ఏం చెయ్యొచ్చు? తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళలో ఇది ఇంటింటి ప్రశ్న. చెన్నైలో స్థిరపడిన గోదావరి, నెల్లూరు కుటుంబాల్లోనూ అడిగేవాళ్ళున్నారు. ఇంట్లో పాత పతకం ఉంటే దాని అంచు చూడండి. నంబరు, హోదా, పేరు, పటాలం అంచు మీద చెక్కి ఉంటాయి. బ్రిటిష్ వార్ మెడల్ వెండిది అయితే పోరాడే పటాలంవాడు, కంచుది అయితే చాలావరకు లేబర్ కోర్ అనే కూలిపనుల దళంలోనో ఇతర సేవల్లోనో పనిచేసినవాడు. పటాలం పేరు దొరికితే వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వెతకొచ్చు. రాతి మీద చెక్కని సిపాయి పేరు కూడా వాళ్ళ జాబితాలో ఉండొచ్చు. చనిపోయిన తేదీ 1918 సెప్టెంబరు, డిసెంబరు మధ్యలో ఉండి, ఆ రోజుల్లో ఆ పటాలం పెద్ద పోరులో లేకపోతే, ఫ్లూని అనుమానించడంలో తప్పులేదు. పటాలాల యుద్ధ దినచర్యలు లండన్ శివార్లలోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆసుపత్రిలో ఎంతమంది చేరారో వాటిలో తరచూ రాసేవారు.

వెతికేటప్పుడు ఇంటిపేరుతో మొదలుపెట్టకండి. సైన్యం గుమాస్తా సాధారణంగా సొంత పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసుకున్నాడు, అదీ తన చెవికి వినిపించిన స్పెల్లింగుతో. ఒకే వెంకటస్వామిని నాలుగైదు రకాలుగా టైపు చేసి చూడాల్సి వస్తుంది. జిల్లా దగ్గర కూడా జాగ్రత్త. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో, కాబట్టి తాడేపల్లిగూడెం, నరసాపురం వైపు ఊళ్ళను 1918 రికార్డుల్లో కృష్ణా జిల్లా కింద వెతకాలి.